మేడిచెట్టు, దాని కీటకము, ఆమోసు వృత్తి: ఒక చారిత్రక పరిశీలన

మేడిపండును గూర్చి వేమన పేరిట ప్రచారములో ఉన్న పద్యము తెలియని తెలుగు ప్రసంగీకుడు ఉండడు. వేషధారణను గూర్చి, ముఖ్యముగా మత్తయి సువార్త 23వ అధ్యాయములోని సున్నము కొట్టిన సమాధులను గూర్చి బోధించేటప్పుడు ఆ పద్యము దానంతట అదే నోటికి వస్తుంది. అయితే ఆ పండులో పురుగులు ఎందుకు ఉన్నవని మనము సాధారణముగా అడగము. పండు చెడినది గనుక పురుగు పట్టినదని అనుకొని ముందుకు సాగుతాము. వాస్తవమేమిటంటే, ఆ పురుగు లోపలికి వెళ్లకపోతే మేడిచెట్టుకు విత్తనమే లేదు. పండు చెడి పురుగు రాలేదు. పురుగు వచ్చుటవలననే అది పండైనది.

ఈ చిన్న సంగతికి ఆమోసు గ్రంథములోని ఒక కఠినమైన వచనముతో దగ్గరి సంబంధమున్నది. బేతేలు యాజకుడైన అమజ్యా ఆమోసును యూదా దేశమునకు పారిపొమ్మని, అక్కడే ప్రవచించి బత్తెము సంపాదించుకొమ్మని ఎత్తిపొడిచినప్పుడు, ఆమోసు తన వృత్తిని చెప్పుకొంటాడు (ఆమోసు 7:14). తాను ప్రవచనము అమ్ముకొని బ్రతికేవాడను కానని, తనకు పశువులున్నవని, మేడిపండ్ల పని ఉన్నదని అతని జవాబు. మేడిపండ్లతో అతడు చేసిన ఆ పనిని తెలిపే హెబ్రీ పదము ‘బోలేస్’. పాత నిబంధన అంతటిలో ఈ పదము ఈ ఒక్కచోటనే వస్తుంది. మన తెలుగు బైబిలు దానిని ఏరుకొనుట అనే అర్థములో తీసుకొన్నది. ఆధునిక వ్యాఖ్యానములు అనేకము గాటు పెట్టుట అంటాయి. రాలిన పండ్లు ఏరుకొనే నిరుపేద ఒకడు. చెట్టెక్కి ఒక్కొక్క కాయకు కత్తిమొనతో గాటు పెట్టే నేర్పుగల పనివాడు మరొకడు. ఆమోసు ఎవరు?

ఈ ప్రశ్నకు నిఘంటువులో దొరికేది సగము జవాబే. మిగిలిన సగము ఆ చెట్టుకును ఒక చిన్న కందిరీగకును మధ్య జరిగిన చరిత్రలో ఉన్నది.

అది ఏ చెట్టు?

ముందుగా ఒక సందేహము తీర్చుకొనవలెను. బైబిలులో రెండు వేర్వేరు చెట్లున్నవి. హెబ్రీలో ‘తెయేనా’ అనబడేది అంజూరపు చెట్టు. ఏదెను తోటలోని ఆకులు, మీకా చెప్పిన నీడ, యేసు శపించిన చెట్టు అన్నీ ఇదే. ‘షిక్మా’ అనబడేది వేరు. ఆమోసు చెప్పినది, దావీదు రాజు అధికారులలో ఒకడైన బయల్ హనాను షెఫేలాలో కాపాడినది (1 దినవృత్తాంతములు 27:28), యెరికోలో జక్కయ్య ఎక్కినది ఈ రెండవ చెట్టు. దీని శాస్త్రీయ నామము ఫైకస్ సైకొమోరస్.

మన అనువాదకులు దీనికి మేడి అని పేరు పెట్టుట చాల తెలివైన పని. మన పొలాల గట్లమీద, వాగుల ఒడ్డున పెరిగే మేడి వేరే జాతియే. లిన్నేయసు 1753లో దానికి ఫైకస్ రసిమోసా అని పేరు పెట్టాడు. సామర్లకోటలో ఉండి కోస్తా మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1798లో ఫైకస్ గ్లోమరేటా అని వర్ణించినదీ ఇదే. కాని ఈ రెండును ఒకే ఉపప్రజాతికి చెందిన దగ్గరి బంధువులు. రెండింటికి కాయలు మొద్దుమీద, లావు కొమ్మలమీద గుత్తులుగా కాస్తాయి. రెండింటికి పుప్పొడి చేరవేసేది ఒకే ప్రజాతి కందిరీగ, సెరటోసోలెన్. మన మేడికి సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్, ఆ మేడికి సెరటోసోలెన్ అరబికస్. ఇంగ్లీషు ప్రజలకు ‘సైకమోర్’ అనగానే ఈ జాతితో సంబంధమే లేని ఒక చెట్టు మనసులో మెదులుతుంది. తెలుగు పాఠకునికి ఆ ఇబ్బంది లేదు. లూకా 17:6లోని చెట్టుకు కంబళిచెట్టు అనియు, 19:4లోని దానికి మేడిచెట్టు అనియు వేరుగా వ్రాయుటలోను వారి జాగ్రత్త కనబడుతుంది. గ్రీకులో ఆ రెండు పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండి ఎందరినో తికమకపెట్టాయి.

పండు లోపల జరిగే పని

మేడికి పువ్వు కనబడదని మనవారంటారు. పువ్వులు లేక కాదు, అవి కాయ లోపల ఉన్నవి. మనము కాయ అనుకొనేది నిజానికి వందలకొలది చిన్న పువ్వులను లోపలివైపు తిప్పి మూసిన ఒక సంచి. దాని కొనన పొలుసులతో మూసుకొన్న చిన్న రంధ్రమున్నది. సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవుండే ఆడ కందిరీగ ఆ రంధ్రములోనుండి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే సాధారణముగా దాని రెక్కలు అక్కడే విరిగిపోతాయి. అది మరల బయటికి రాదు. లోపల ఆడపువ్వులమీద తాను తెచ్చిన పుప్పొడిని ఉంచి, కొన్ని పువ్వులలో గుడ్లు పెట్టి చనిపోతుంది. గుడ్డు పడిన పువ్వులో కందిరీగ పిల్ల పెరుగుతుంది, గుడ్డు పడని పువ్వులో విత్తనము తయారవుతుంది.

కొన్ని వారములకు రెక్కలు లేని మగ కందిరీగలు ముందుగా బయటపడతాయి. అవి ఇంకా గూటిలోనే ఉన్న ఆడవాటితో జతకూడి, కాయ గోడకు సొరంగము తొలిచి, చనిపోతాయి. సరిగా అదే సమయమునకు కాయలోని మగపువ్వులు పక్వమవుతాయి. ఆడ కందిరీగలు ఆ పుప్పొడిని తమ రొమ్ము భాగములో ఉన్న చిన్న సంచులలో నింపుకొని, సొరంగము గుండా ఎగిరిపోయి, లేతకాయలున్న మరొక చెట్టును వాసన పట్టి వెదకుతాయి. వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులు మాత్రమే. ఇక్కడ గమనింపదగినది, పుప్పొడి పొరపాటున ఒంటికి అంటుకొన్నది కాదు. ఆ పురుగు దానిని కావాలని కాళ్లతో తీసి నింపుకొంటుంది, కావాలని దులుపుతుంది. ఈ సంచులను ఇశ్రాయేలు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడైన యాకోబ్ గలీల్, ఆయన సహచరుడు ఐజికోవిచ్ 1960ల చివర తూర్పు ఆఫ్రికాలో మేడిచెట్లను పరిశీలించి వెల్లడించారు.

ఫైకస్ ప్రజాతిలో 750కి పైగా జాతులున్నవి. వాటిలో చాలవాటికి తమ తమ కందిరీగలు వేరుగా ఉన్నవి. ఇంగ్లండు దక్షిణ తీరమందున్న వైట్ ద్వీపములో దొరికిన సుమారు 3.4 కోట్ల సంవత్సరాల నాటి శిలాజ కందిరీగకు కూడ పుప్పొడి సంచులున్నవని 2010లో ప్రకటించారు. శాస్త్రజ్ఞులు ఈ సంబంధమును సహపరిణామము అంటారు. చెట్టు మారిన కొలది పురుగు, పురుగు మారిన కొలది చెట్టు మారుతూ వచ్చినవని దాని భావము. ఆ మాట విని కొందరు పాఠకులు ఆదికాండము మొదటి అధ్యాయము తెరుస్తారని నాకు తెలుసు. ఆ చర్చకు వేరే చోటున్నది. మనకిక్కడ కావలసినది ఇంతమాత్రమే: ఈ రెండింటిలో ఒకటి లేనిచోట రెండవది తనంతట తాను వంశము నిలుపుకొనలేదు.

తోడు లేని చెట్టు

ఆమోసు మేడికి జన్మస్థలము యూదయ కాదు. ఆ జాతి తూర్పు, దక్షిణ ఆఫ్రికాలలో, యెమెను ప్రాంతములో కందిరీగతో కూడ సహజముగా పెరుగుతుంది. అక్కడినుండి అతి ప్రాచీన కాలములోనే ఐగుప్తునకు వచ్చింది. ఫరోల కాలమునకు ముందే దాని ఆనవాళ్లు అక్కడ కనబడతాయి. తరువాతి కాలములో దాని కర్రతో శవపేటికలు చేశారు, దాని పండ్లను సమాధులలో ఉంచారు. హాథోరు దేవతను ఆ చెట్టుతో కలిపి పూజించారు. కీర్తన 78:47 ఐగుప్తు మేడిచెట్ల నాశనమును ప్రత్యేకముగా చెప్పుటకు కారణము ఇదే. ఆ దేశములో అది అలంకారము కాదు, ఆహారము, కలప.

చెట్టు వచ్చింది గాని దాని కందిరీగ రాలేదు. ఐగుప్తులోను, ఇశ్రాయేలు దేశములోను సెరటోసోలెన్ అరబికస్ లేదు. ఈ పురుగు దూరము ఎగరలేనిది కాదు. నమీబియా ఎడారిలో ఉగాబ్ నది వెంబడి ఉన్న ఇదే జాతి మేడిచెట్లమీద చేసిన పరిశోధన 2009లో వెలువడింది. గాలివాటున కొన్ని కందిరీగలు 160 కిలోమీటర్లు మించి పుప్పొడిని మోసినట్లు చెట్ల జన్యువులను పోల్చి తేల్చారు. అయినను నైలు లోయలో చెట్టు నిలిచినది గాని ఈ పురుగు నిలువలేదు.

దీని ఫలితము పెద్దది. ఐగుప్తులోను పాలస్తీనాలోను మేడికి మొలకెత్తే విత్తనము లేదు. అక్కడ ఉన్న ప్రతి మేడిచెట్టును ఎవరో ఒకరు కొమ్మ నాటి పెంచినదే. బైబిలులోని కొన్ని వాక్యములు ఈ వెలుగులో క్రొత్తగా కనబడతాయి. సొలొమోను దేవదారు మ్రానులను షెఫేలాలోని మేడిచెట్లవలె విస్తారపరచాడని 1 రాజులు 10:27 చెప్పినప్పుడు, ఆ మేడిచెట్లు అడవిలో తమంతట తాము మొలిచినవని మనము ఊహించుకొంటాము. అవి తరతరాల రైతులు నాటినవి. అందుకే దావీదు వాటిపై ఒక అధికారిని నియమించవలసి వచ్చింది. యెషయా 9:10లో నరికివేయబడిన మేడిచెట్లు ఇంటి కప్పులకు వాడే కలప. మిష్నాలో షెవియీత్ అనే భాగము ఇంతవరకు నరకని మేడిని కన్యతో పోల్చి, విశ్రాంతి సంవత్సరములో దానిని నరకవచ్చునా అని చర్చిస్తుంది. మొదలు నరికితే మరల చిగిర్చి, దూలములకు పనికివచ్చే కొమ్మలిచ్చుట దీని గుణము. జక్కయ్య ఎక్కిన చెట్టు కూడ ఇటువంటిదే, ఎవరో నాటిన కొమ్మ.

గాటు సంగతి

కందిరీగ లేకపోతే విత్తనము రాదు సరే, పండు సంగతేమిటి? ఫైకస్ జాతులలో కాయ లోపల ఏమీ జరగకపోతే అది సాధారణముగా పండక రాలిపోతుంది. అరిస్టాటిలు ఈ సంగతి అంజూరము విషయములో గమనించాడు. అడవి అంజూరపు కాయలలో పుట్టిన చిన్న పురుగులు తోట అంజూరములోనికి దూరితే ఆ కాయలు రాలక నిలుస్తాయనియు, అందుకే రైతులు తోటల ప్రక్కన అడవి చెట్లు పెంచుతారనియు అతడు వ్రాశాడు. అతని శిష్యుడు థియోఫ్రాస్టస్ మరొక అడుగు వేసి, ఈ పురుగులు విత్తనములలోనుండే పుడతాయన్నాడు. పురుగులు వెళ్లిపోయిన కాయలో విత్తనములు కనబడకపోవుటయే అతని రుజువు. చూచినది సరిగానే చూచాడు. విత్తనము కావలసిన చోటనే పురుగు పెరుగుతుంది గనుక విత్తనము లేదు. అర్థము చెప్పుటలో మాత్రము తప్పిపోయాడు.

ఐగుప్తు మేడిని గూర్చి ఇదే థియోఫ్రాస్టస్ చెప్పిన మాట మనకు ముఖ్యము. ఆ పండు గీకితేనే గాని పక్వము కాదనియు, ఇనుప గోళ్లవంటి పనిముట్లతో దానిని గీకుతారనియు, గీకిన నాలుగవ నాటికి పండుతుందనియు అతడు వ్రాశాడు. ప్లినీ కూడ ఇదే చెప్పాడు. ఐగుప్తు సమాధులలో దొరికిన ఎండు మేడిపండ్లమీద గాట్ల మచ్చలు ఇప్పటికిని కనబడతాయి. గోడలమీది చిత్రాలలోని పండ్లమీద కూడ ఆ గీత కనబడుతుంది. ఇరవైయవ శతాబ్దములో గలీల్ ఐగుప్తులోను సైప్రసులోను ఈ పని ఇంకా జరుగుతున్నదని కనుగొని 1968లో వివరముగా ప్రచురించాడు. కాయకు గాయమైనప్పుడు ఇథిలీన్ అనే వాయువు పుడుతుందనియు, దానివలన కాయ త్వరగా ఉబ్బి పండుతుందనియు 1972లో ఆయన, ఆయన సహచరులు ప్రయోగముతో చూపించారు. మన బజారులో అరటి, మామిడి గదులలో మాగబెట్టేది ఇదే వాయువుతో. అంటే మనిషి చేతిలోని కత్తి పోయిన కందిరీగ పనిలో సగము చేసింది. పండును ఇచ్చింది, విత్తనమును మాత్రము ఇవ్వలేకపోయింది.

గాటుకు మరొక ప్రయోజనమున్నది. పుప్పొడి మోసే కందిరీగ రాకపోయినను, సైకోఫాగా సైకొమోరి అనే మరొక కందిరీగ జాతి మాత్రము ఈ ప్రాంతములో ఉన్నది. అది కాయలో దూరి గుడ్లు పెడుతుంది గాని పుప్పొడి తీసికొనిరాదు. చెట్టునుండి తీసికొనుటయే గాని ఇచ్చుట లేదు. దానిని వదిలివేస్తే కాయ పండేలోగా దాని సంతానముతో నిండిపోతుంది. గాటు పెట్టిన కాయ ఆ పురుగులు పెరిగేలోగానే పండుతుంది గనుక తినుటకు శుభ్రముగా ఉంటుంది.

ఇప్పుడు జెరోము వ్యాఖ్యానము చూడుడి. పాలస్తీనా మైదానములో పెరిగే ఈ చెట్టు పండ్లను గిల్లకపోతే అవి మిక్కిలి చేదై, దోమలవంటి పురుగులచేత చెడిపోతాయని కొందరంటారని ఆయన ఆమోసు వ్యాఖ్యానములో వ్రాశాడు. బేత్లెహేములో నివసించినవాడు గనుక తెకోవ ఆయనకు దాదాపు కనుచూపు మేర. ఆయనకు ఈ పని వెనుక ఉన్న కారణము తెలియదు గాని, పురుగు సంగతి తెలుసు. లాటిను అనువాదములో ఆయన వాడిన ‘వెల్లికాన్స్’ అనే పదమునకు గిల్లుట, పీకుట అని అర్థము. ఏరుకొనుట అనే అర్థమునకు కొంత దారి ఇక్కడ ఏర్పడి ఉండవచ్చునని నా ఊహ.

‘బోలేస్’ ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు

ఇంతవరకు వచ్చిన పాఠకుడు తీర్పు తేలినదనుకోవచ్చును. కందిరీగ లేదు, గాటు పెట్టక తప్పదు, ఆమోసు గాటు పెట్టేవాడు. అనేక వ్యాఖ్యానములు ఇక్కడితో ఆగుతాయి. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనును ఇంతటితోనే తృప్తిపడ్డాను. కాని ఆధారములను ఒక్కొక్కటిగా తూచి చూస్తే త్రాసు అంత సులభముగా ఒకవైపు మొగ్గదు.

గాటు అనే అర్థమునకు బలమైన సాక్ష్యము సెప్టువజింటు. ఆ గ్రీకు అనువాదము ఇక్కడ ‘క్నిజోన్’ అన్నది, అనగా గీకువాడు. థియోఫ్రాస్టస్ ఐగుప్తు మేడికి వాడిన క్రియకు ఇది దగ్గరి బంధువు. అయితే సెప్టువజింటు ఎక్కడ పుట్టింది? ఐగుప్తులోని యూదుల మధ్య. ఆ అనువాదకుడు తన కండ్లయెదుట రోజూ జరుగుతున్న పనిని ఆమోసు చేతికి అంటగట్టి ఉండవచ్చును గదా! ఆమోసు కాలమునకును అతనికిని మధ్య సుమారు ఆరు వందల సంవత్సరాలు, ఒక ఎడారి కూడ ఉన్నవి.

రెండవది, నేటి ఇశ్రాయేలు దేశములో పెరిగే మేడి రకములు గాటు లేకుండగనే పండుతాయి. గలీల్ స్వయముగా దీనిని గుర్తించాడు. గాటు అవసరము లేని కొమ్మలను రైతులు తరతరాలుగా ఎంచుకొని నాటుట దీనికి కారణమై ఉండవచ్చును. ఆ మార్పు ఆమోసు కాలమునకు ముందే జరిగినదా, తరువాతనా అన్నదే చిక్కు. ఈ కారణముచేత టి. జె. రైట్ 1976లో, రిచర్డ్ స్టైనర్ 2003లో గాటు అనే వివరణను ప్రశ్నించి, మేడి ఆకును కాయను పశువుల మేతగా పరిగణించవలెనని సూచించారు. అప్పుడు ఆమోసు చెప్పిన రెండు వృత్తులు, పశువులును మేడియును, ఒకే వృత్తికి రెండు భాగములవుతాయి. స్టైనర్ గ్రంథము ఈ విషయముమీద నేను చదివినవాటిలో అత్యంత శ్రద్ధగలది. మేత వాదము అంతయు నన్ను ఒప్పించలేదు గాని, గాటు వాదము తేలికగా ఒప్పుకొనదగినది కాదని చూపినది అదే.

మూడవది, పదము తానే. ‘బలస్’ అంటే దక్షిణ అరేబియా భాషలలోను ఇథియోపియా భాషలోను అంజూరము లేక దాని జాతి పండు. ఆ నామవాచకమునుండి పుట్టిన క్రియ అయితే ‘బోలేస్’ అంటే ‘అత్తి జాతి పండ్ల పని చేయువాడు’ అనుటకంటె ఎక్కువ చెప్పదు. ఆ పని ఏరుటయా, గాటు పెట్టుటయా, పెంచుటయా, అమ్ముటయా అన్నది ఆ పదములో లేదు. ఆ పదపు బంధువులు మేడికి కందిరీగకు పుట్టినిల్లయిన యెమెను, ఇథియోపియా ప్రాంతములలోనే కనబడుట గమనింపదగినది. చెట్టు వచ్చిన త్రోవనే మాట కూడ వచ్చియుండవచ్చును.

ఇక్కడ భూగోళమును మరువరాదు. తెకోవ యెరూషలేమునకు దక్షిణముగా సుమారు 16 కిలోమీటర్ల దూరమున, 800 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. మేడి చలికి ఓర్వదు. ఎగువ గలిలయకు దిగువ గలిలయకు హద్దు ఏదని మిష్నా అడిగి, మేడి పెరగని చోటు ఎగువ, పెరిగే చోటు దిగువ అని జవాబిస్తుంది. కాబట్టి ఆమోసు చెట్లు అతని ఊరిలో లేవు. పడమట షెఫేలాలోనో, తూర్పున మృతసముద్రపు తీరపు లోయలలోనో ఉండవలెను. ఇది చూచే జెరోము ఆ ఎడారి గట్టుమీద మేడి ఎక్కడిదని కలతపడి, ముళ్లపొదల పండ్లయి ఉండునేమోనని కూడ ఆలోచించాడు. మందలు చలికాలములో దిగువకు వెళ్లుట ఆ ప్రాంతపు వాడుక గనుక అంత కలత అక్కరలేదు. ఒకచోట కాపురముండి, మరొకచోట చెట్లు కలిగియుండుటకు లేక కౌలుకు తీసుకొనుటకు కొంత స్తోమత కావలెను. ఆమోసు 1:1లో అతనికి వాడిన ‘నోకేద్’ అనే పదమే 2 రాజులు 3:4లో మోయాబు రాజైన మేషాకు వాడబడినది. రాలిన పండ్లు ఏరుకొనే నిరుపేద చిత్రము ఈ సాక్ష్యములమధ్య నిలువదు.

మన ప్రసంగములలో ఈ చిత్రము ఎందుకు స్థిరపడినదో ఊహించుట కష్టము కాదు. దరిద్రులను వెండికి, పాదరక్షలకు అమ్మినవారిని గద్దించిన ప్రవక్త తానును దరిద్రుడై ఉండవలెనని మనము ఆశిస్తాము. కూలికి వెళ్లే మన విశ్వాసులకు అది ఆదరణగా కూడ ఉంటుంది. కాని అమజ్యాతో జరిగిన సంభాషణలో ఆమోసు తన బీదతనమును ముందు పెట్టలేదు. తనకు జీవనాధారమున్నది గనుక బేతేలు బత్తెముతో పనిలేదని చెప్పాడు. ఏరుకొనుట అనే అనువాదము ఈ వాదపు పదును తగ్గించి, జాలిని పెంచుతుంది. సంఘపు జీతము మీద ఆధారపడి ధనవంతులైన పెద్దలయెదుట నిలువవలసిన కాపరికి ఈ తేడా చిన్నది కాదు.

మరొక ప్రమాదము వ్యతిరేక దిక్కునుండి వస్తుంది. కందిరీగ కథ తెలిసిన ప్రసంగీకునికి, కాయలో దూరి చనిపోయి చెట్టుకు జీవమిచ్చే ఆ పురుగును క్రీస్తు సిలువకు ఛాయగా చూపాలనే కోరిక పుట్టవచ్చును. మన మేడిచెట్టు క్రింద కూర్చుండి ఆ పోలిక చెప్పితే వినుటకు బాగుంటుంది. ఆమోసు 7:14 వచనముమీద మాత్రము దానిని కట్టరాదు. ఆమోసు చెట్లలో ఆ కందిరీగ లేనే లేదు. ఆ వచనము వెనుక ఉన్నది ఆ పురుగు మరణము కాదు, దాని లేమి.

కాలిఫోర్నియాలో జరిగిన ఒక సంగతి

చెట్టును దాని కీటకమునుండి విడదీస్తే ఏమవుతుందో ఆధునిక కాలములో ఒక దేశము అనుభవపూర్వకముగా నేర్చుకొన్నది. 1880లలో కాలిఫోర్నియా రైతులు టర్కీనుండి స్మిర్నా అంజూరపు కొమ్మలు వేలకొలది తెప్పించి నాటారు. చెట్లు ఏపుగా పెరిగినవి. కాయలు గోళీలంతై రాలిపోయినవి. తూర్పుదేశపు రైతులు తోటలో అడవి అంజూరపు కాయలు వ్రేలాడదీసే ఆచారమును ఎందరో మూఢనమ్మకమని కొట్టివేశారు. ఫ్రెస్నోలో జార్జి రోడింగు 1890లో చేతితో పుప్పొడి ఎక్కించి చూడగా కాయలు నిలిచినవి. చివరకు 1899లో వాల్టర్ స్వింగిల్ అల్జీరియానుండి పంపిన కాయలలోని కందిరీగలు అక్కడ స్థిరపడినవి. ఆ తరువాతనే అక్కడ ఆ పండు వ్యాపారమైనది. అరిస్టాటిలు వ్రాసిన సంగతిని ఒప్పుకొనుటకు రెండువేల రెండువందల సంవత్సరాల తరువాత ఇంత ఖర్చయినది!

యెరికోకు ఉత్తరముగా ఉన్న గిల్గాలు తవ్వకాలలో దొరికిన తొమ్మిది కాలిన అంజూరపు పండ్లు ఈ చరిత్రను ఇంకా వెనుకకు తీసుకొనిపోవచ్చును. సుమారు 11,400 సంవత్సరాల నాటి ఆ పండ్లలో బీజములు లేవనియు, కందిరీగ లేకుండ పండే రకపు కొమ్మలను మనుషులు నాటి పెంచారనియు కిస్లెవ్, హార్ట్‌మన్, బార్ యోసెఫ్ 2006లో ప్రకటించారు. అలాంటి పండ్లు అడవి చెట్లకును కాస్తాయి గనుక అది వ్యవసాయమనలేమని ఇతరులు వెంటనే అభ్యంతరము చెప్పారు. వివాదము తీరలేదు. బార్లీ, గోధుమలకంటె ముందుగా అంజూరపు కొమ్మ నాటబడినదని పత్రికలలో వచ్చిన శీర్షికలను ప్రసంగములో వాడేవారు ఈ అభ్యంతరమును కూడ చెప్పుట న్యాయము.

అనువాదమును గూర్చి

తెలుగు బైబిలును సవరించేవారికి నా మనవి చిన్నది. మేడి అనే పదమును మార్చవద్దు, దానికంటె మంచి పదము లేదు. ఏరుకొనుట అనే మాట స్థానములో మేడితోటల పని చేయుట అనే అర్థమిచ్చే మాట పెట్టి, ప్రాచీన గ్రీకు అనువాదములో కాయలకు గాటు పెట్టుట అని ఉన్నదని అడుగున సూచిస్తే సరిపోతుంది. గాటును వచనములోనికి ఎక్కించుటకు మనయొద్ద ఉన్న సాక్ష్యము ఐగుప్తుది. ఐగుప్తు రైతు కత్తిని యూదా ప్రవక్త చేతికిచ్చుటకు ముందు షెఫేలా మట్టిలోనుండి గాటుపడిన ఒక ఎండుపండు దొరికితే బాగుండును.